లంచ్ తర్వాత మూడు రౌండ్లు

బసవయ్య పామర్రులో పొద్దున్నే బస్సెక్కి, పదింటికల్లా విజయవాడలో కాలేజీ ఆఫీసు ముందు నిలబడ్డాడు. ఇక్కడ బీఎస్సీ రెండో ఏడు చదువుతున్న కూతురు సుస్మిత డెంగీ జ్వరంతో పోయి నాలుగు నెలలైంది. ఆ పిల్ల టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోయాయి. "దాని కాగితాలు పరాయిచోట ఎందుకు, తెచ్చెయ్యండి" అని భార్య కనకలక్ష్మి అంటే వచ్చాడు. ఈ నాలుగు నెలలూ అంతే. తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. ఒక్కసారీ ఏడవలేదు. ఏడుపు రానందుకు దిగులు కూడా లేదు.

గుమస్తా ఒక ఫారం ఇచ్చాడు. పేరు, తండ్రి పేరు రాశాక, 'కాలేజీ మానడానికి కారణం' అన్న చోట బసవయ్య పెన్ను ఆగింది. గుమస్తా కాసేపు చూసి, ఫారం తనవైపు తిప్పుకుని ఆ ఒక్కమాటా తనే రాశాడు.

"ప్రిన్సిపాల్ గారు మీటింగులో ఉన్నారండీ. రెండింటికి సంతకం పెట్టించి ఇస్తాను."

బసవయ్య వరండా మెట్ల మీద కూర్చున్నాడు. లంచ్ బెల్లు మోగాక సింధూరి అటుగా వచ్చి, ఆయన్ని చూసి ఆగిపోయింది. సుస్మితకు ప్రాణస్నేహితురాలు. పెద్దకర్మ రోజు ఇంటికి కూడా వచ్చింది.

"భోంచేశారా అంకుల్?"

"ఆకలి లేదమ్మా."

ఆ అమ్మాయి భుజాన బ్యాగు సర్దుకుంది. "రోజూ లంచ్ తర్వాత నేనూ తనూ మూడు రౌండ్లు నడిచేవాళ్ళం. వస్తారా, చూపిస్తాను."

రమ్మంది కాబట్టి లేచాడు.

సాయంత్రాలు ఫోన్ చేసినప్పుడు సుస్మిత ఈ నడక సంగతి చెబుతూనే ఉండేది. పొలానికి నీళ్ళు పెట్టడానికో, ఎరువు చల్లడానికో తప్ప గట్టు మీద అడుగేసి ఎరగని మనిషి బసవయ్య. "పని లేకుండా నడవటమేంటే" అని నవ్వేవాడు.

కెమిస్ట్రీ ల్యాబు దాటారు. కిటికీల్లోంచి గ్యాసు వాసన వస్తోంది. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన కానుగచెట్ల నీడ పొడుగునా పడి ఉంది. ఆడిటోరియం వెనక గోడ దగ్గర సింధూరి ఆగింది.

"ఇక్కడ పాటలు పాడేది అంకుల్. లెక్చరర్లకి వినపడదని."

"పాడేదా?"

"గట్టిగా. శ్రుతి అసలు ఉండేది కాదు."

బసవయ్య ఆ గోడ వంక చూశాడు. సున్నం పెచ్చులూడిన గోడ. తన లోపల ఏమీ కదల్లేదు. మళ్ళీ నడిచారు.

సైకిల్ స్టాండ్ మలుపులో దారి తిన్నగా క్యాంటీన్ దాకా పోతుంది. "ఇక్కణ్ణించి పరుగు పందెం పెట్టుకునేవాళ్ళం" అంది సింధూరి.

"ఎందుకు?"

"ఊరికే అంకుల్."

"ఎవరు గెలిచేవాళ్ళు?"

"తనే. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేది. క్యాంటీన్ అమలమ్మ గారు రోజూ తిట్టేవారు, కాళ్ళల్లో గాజుపెంకులు దిగుతాయని."

"ఇంట్లో మంచినీళ్ళు తెమ్మంటే కుర్చీలోంచి లేచేది కాదు" అన్నాడు బసవయ్య. అంటూనే చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు తనకే కొత్తగా అనిపించి ఆగిపోయాడు. సింధూరి తల తిప్పుకుని చున్నీతో కళ్ళు ఒత్తుకుంది.

రెండో రౌండు మొదలుపెట్టారు. ఎండ వీపున వెచ్చగా తగిలింది. చాలా రోజుల తర్వాత కాళ్ళ కింద నేల తెలిసింది ఆయనకి. దుఃఖం కాదు, సుఖమూ కాదు. నడవటం మటుకు బాగుంది. మూడో రౌండు సగంలో బెల్లు మోగితే సింధూరి క్లాసుకి వెళ్ళిపోయింది. మిగతాది ఆయన ఒక్కడే తిరిగాడు.

రెండు దాటాక గుమస్తా కవరిచ్చాడు. బస్సులో కూర్చున్నాక కనకలక్ష్మి ఫోన్ చేసింది.

"ఇచ్చారా?"

"ఇచ్చారు. నువ్వూ ఒకసారి రావాలి ఇక్కడికి."

"మళ్ళీ నేనెందుకు? ఇంకా సంతకాలున్నాయా?"

"సంతకాలు కాదు. అది రోజూ నడిచిన దారి ఉంది. చూపిస్తా."

బస్సు కదిలింది.

"సోమవారం వెళ్దాం" అంది కనకలక్ష్మి.