ఐదో అడ్మిషన్

"పాంప్లెట్లోళ్లకు లిఫ్టు లేదు. మెట్లెక్కి పోవాలె" అన్నాడు వాచ్‌మన్, కుర్చీలోంచి లేవకుండానే.

ఇందు చున్నీ నెత్తి మీదికి లాక్కుని మెట్లెక్కింది. జూన్ వచ్చినా రోహిణి కార్తె ఎండ ఇంకా దిగలేదు. చైతన్యపురి మెట్రో స్టేషన్ వెనక సందుల్లో పొద్దుటి నుంచి ఎన్ని అపార్ట్‌మెంట్లు ఎక్కి దిగిందో లెక్క తప్పింది. మొదటి అంతస్తులో తలుపు తీసిన ఆవిడ కాగితం చూడకుండానే "మా పిల్లలకి వేరేచోట కట్టేశామమ్మా" అంది. రెండో అంతస్తులో కుక్క మొరిగింది గాని మనిషి రాలేదు. మూడో అంతస్తులో తలుపు గడియకు అప్పటికే ఒక పాంప్లెట్ దూర్చి ఉంది. ఏ స్కూలువాళ్లో ముందే వచ్చి పోయారనుకుని తీసి చూస్తే, అది తమ స్కూలుదే.

పై మెట్టు మీద అమల కూర్చుని సీసాలో నీళ్లు తాగుతోంది.

"నువ్వూ ఇక్కడికే వచ్చావా? ఈ సందు నాదని చెప్పారే నాతో" అంది అమల.

"నాకు గూడ గట్లనే చెప్పిన్రు మేడమ్."

అమల నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. వాగ్విలాస టాలెంట్ స్కూల్లో ఆమె మూడో తరగతి టీచరు. పెళ్లయి తెనాలి నుంచి వచ్చిన మరుసటేడే అందులో చేరింది. ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్లలు ఇంజనీరింగు చదువుతున్నారు. ఆమె మాత్రం ప్రతి వేసవిలోనూ ఇలా ఇంటింటికీ తిరిగి, పిల్లలను చేర్పించమని అడుగుతూనే ఉంది.

"ఎన్ని అడ్మిషన్లయ్యాయి నీకు?"

"నాలుగు. ఐదోది ఇయ్యాల సాయంత్రం ఒస్తనన్నది. మీకు మేడమ్?"

"రెండు." అమల సీసా మూత బిగించింది. "పాతవాళ్లకి కూడా ఈ ఏడాది ఐదేనట. తేలేని వాళ్ల స్థానంలో తెచ్చేవాళ్లు రెడీగా ఉన్నారని మీటింగులో చెప్పారు. ఆ తెచ్చేవాళ్లు ఎవరో అప్పుడు తెలీలేదు నాకు."

అమల మాటలో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. నిష్ఠూరమైతే ఇందు ఏదో ఒక జవాబు చెప్పేది.

టీచరు కావడం ఎలాగని ఇందు అడగని మనిషి లేడు. డీఎడ్ చదవమన్నారు, చదివింది. టెట్ పాసవమన్నారు, పాసయింది. ఇక నోటిఫికేషన్ కోసం ఎదురు చూడమన్నారు. ఊరికే ఎదురు చూస్తే సరిపోదని, దానికి కూడా ఫీజు కట్టాలని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో తెలిసింది. నాన్న మార్కండేయులు పోచంపల్లిలో మగ్గం దిగి వచ్చి చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేస్తున్నాడు. పొద్దంతా నిలబడి కాళ్లు వాచిన మనిషి, "యాడనన్న ప్రైవేటుల జర నిలబడు బిడ్డా, అనుభవమన్న ఒస్తది" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇందు వాగ్విలాస గడప తొక్కింది.

ఏప్రిల్లో డెమో క్లాసు చెప్పమన్నారు. ఇంట్లో మగ్గం పోయింది గాని రంగు పోగులు పోలేదు. ఆ పోగుల చుట్ట ఒకటి పట్టుకుపోయి, మూడో తరగతి పిల్లలకు తీసివేతలు చెప్పింది. పది పోగులకు ఒక ముడి. పది ముళ్లకు ఒక జడ. ఒకట్ల స్థానంలో చాలకపోతే పక్కనున్న ముడి విప్పుకోవాలి, అంతే. "అప్పు తెచ్చుకోవడమంటే గిదేనా!" అని వెనక బెంచీ పిల్లవాడు అరిచాడు. చివర కూర్చుని చూస్తున్న అమల తన పుస్తకంలో ఏదో రాసుకుంది. తర్వాత బయటికొచ్చి, "ఇన్నేళ్లూ నాకెందుకు తట్టలేదమ్మాయ్ ఇది" అంది. ఆ పూట ఇందు నేల మీద నడవలేదు.

కరస్పాండెంట్ బాపిరాజు మాత్రం పోగుల సంగతి ఎత్తలేదు. ఒక్క ప్రశ్నే అడిగాడు.

"మీది ఏ కాలనీ అమ్మా?"

సరూర్‌నగర్ చెరువు వెనక అని చెప్పి, రోజూ టైముకు రాగలదో లేదోనని అడుగుతున్నాడనుకుంది. ఆయన లెక్క వేసుకున్నది ఆ సందులో ఎంతమంది పిల్లలుంటారో అని. ఐదు అడ్మిషన్లు తెస్తే అసిస్టెంట్ టీచర్, నెలకు ఏడు వేలు అన్నాడు. స్కూలు ఫీజు ఏడాదికి ఇరవై ఎనిమిది వేలు. అంటే ఒక పిల్ల ఫీజు ఆమె నాలుగు నెలల జీతం. తన జీతం తనే మోసుకొచ్చి, దాని మీద స్కూలుకు లాభం కూడా మోసుకొస్తే, ఆ మోసినందుకు కూలి ఇస్తారన్నమాట. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

అయినా మోసింది. మేనమామ కొడుకును చేర్పించింది. ఇంటి ఓనరు మనవరాలిని చేర్పించింది. నాన్న దుకాణంలోనే బిల్లులు కొట్టే రమేష్ ఇద్దరు పిల్లలనూ మొహమాటపెట్టి చేర్పించింది. అక్కడితో చుట్టాలూ అయిపోయారు, మొహమాటాలూ అయిపోయాయి. అప్పుడే ఆమె కన్ను కిష్టమ్మ మీద పడింది.

కిష్టమ్మ వేసవిలో మెట్రో పిల్లర్ కింద తాటి ముంజలు అమ్ముతుంది. వానలు పడితే అక్కడే మక్క కంకులు కాలుస్తుంది. ఇందువాళ్ల సందులోనే ఒక్క గది కిరాయికి తీసుకుని ఉంటోంది. కూతురు రేణుక సర్కారు బడిలో రెండో తరగతి అయిపోయి మూడులోకి వచ్చింది. సాయంత్రం పూట ఇందు ఇంటి మెట్ల మీద కూర్చుని పోగులతో లెక్కలు చేస్తుంది. మొదట్లో అంకెలంటే ఏడ్చే పిల్ల ఇప్పుడు పోగులు ఇయ్యకపోతే ఏడుస్తోంది.

"సర్కారు బడికేమైంది? బుక్కులిస్తున్నరు, అన్నం పెడ్తున్నరు" అంది కిష్టమ్మ మొదటిసారి అడిగినప్పుడు. రెండోసారి, "నాతోని కాదు చెల్లె గా ఫీజులు" అంది. మూడోసారి ఇందు చెప్పకూడని మాట చెప్పింది.

"రేణుకకు నేనే చెప్త అక్కా. నా క్లాసులనే ఉంటది."

కిష్టమ్మ ముంజ వొలిచే కత్తి ఆపింది. "నువ్వు చెప్తనంటే ఇంక మాటేముంది? నిన్ను చూసి ఏస్తున్న. బడిని చూసి కాదు."

నిజంగానే ఇందు అలా అనుకుంది. అసిస్టెంట్ అంటే అమల పక్కన నిలబడి, వెనకబడిన పిల్లల దగ్గర కూర్చుని చెప్పడమని ఆమె ఊహ. ఎవరూ చెప్పలేదు, ఆమే అలా అనుకుంది.

సాయంత్రం నాలుగింటికి ఇందు ఆఫీసు గదిలోకి వెళ్లేసరికి బాపిరాజు ఏసీ కింద కూర్చుని టీ తాగుతున్నాడు. గోడ వార బెంచీ మీద అమల కూర్చుని ఉంది. తిరిగి వచ్చాక ఎన్ని గడపలు తొక్కారో ఆయనకు చెప్పిపోవాలి, అదొక ఆనవాయితీ.

"రామ్మా ఇందూ! ఐదోది వస్తోందటగా. శభాష్. పన్నెండో తారీకు నుంచి వచ్చెయ్. పొద్దున్నే ఏడింటికి బస్సు దగ్గరుండాలి. నర్సరీ పిల్లల్ని దింపుకోవడం, బాత్రూముకి తీసుకెళ్లడం, టిఫిన్లు తినిపించడం, మళ్లీ బస్సెక్కించడం. అంతే పని. కంగారేం లేదు."

"నర్సరీనా సార్? మూడో క్లాసుల అసిస్టెంట్ అనుకున్న."

"మూడో క్లాసుకి అసిస్టెంటెందుకమ్మా? అసలు మూడో క్లాసు టీచరు సంగతే ఇంకా తేలలేదు." ఆయన అమల వైపు చూడకుండానే అన్నాడు. "ఐదు అడ్మిషన్లు కాకపోతే మూడూ నాలుగూ ఒకే గదిలో కలిపేసి డిజిటల్ బోర్డు పెట్టేస్తాం. అన్నీ దాన్లోనే ఉన్నాయి పాఠాలు."

"మరి రేణుకకు నేనే చెప్తనని వాళ్ల అమ్మకు చెప్పిన సార్. అందుకనే ఒస్తున్నది."

"మంచి పని చేశావ్. అలాగే చెప్పు." బాపిరాజు కప్పు కింద పెట్టాడు. "ఫీజు కట్టి, యూనిఫారం కుట్టించుకున్నాక ఎవరు చెప్తున్నారని అడిగే తల్లి ఉండదమ్మా. నేను చూడలేదు."

ఇందు ఒళ్లు మండింది. ఆయన మీద మండిందా, తన మీద మండిందా అంటే ముందు తన మీదే. రాత్రీ పగలూ టీచరు, టీచరు అని కలవరించి, చివరికి ఆయన చేతిలో గాలంగా తయారైంది. ఎరగా తన మాటనే గుచ్చింది.

తలుపు దగ్గర అలికిడయింది. కిష్టమ్మ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది. తల తడిపి దువ్వుకుంది, దాచుకున్న చీర కట్టుకుంది. ముంజల బండి ఎవరికో అప్పజెప్పి వచ్చినట్టుంది. రేణుక రెండు జడలకూ కొత్త రిబ్బన్లు ఉన్నాయి. ఇందు ఇచ్చిన ఎర్ర పోగుల ముడి ఒకటి మణికట్టుకు చుట్టుకుంది.

"కూర్చోండమ్మా, కూర్చోండి" అన్నాడు బాపిరాజు కుర్చీ చూపిస్తూ.

కిష్టమ్మ కూర్చోలేదు. కొంగు ముడిలో ఉన్న డబ్బుల మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "సార్, ఒక్కటే మాట. నాకు చదువు రాదు. మా పోరికి గీ పిల్లనే గదా చెప్పేది?"

"అయ్యో, ఎందుకా అనుమానం? ఇందు మేడమే చెప్తారు" అన్నాడు బాపిరాజు నవ్వుతూ.

మేడమ్. జీవితంలో మొదటిసారి ఆ మాట తన పేరు పక్కన విన్నది ఇందు. ఎన్నేళ్ల నుంచో విందామని కలలు కన్న మాట. అది ఇలాంటి నోట, ఇలాంటి అబద్ధంలో వచ్చింది.

"కాదు" అంది ఇందు.

బాపిరాజు నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది.

"కాదు అక్కా. నేను చెప్ప. నన్ను చిన్న పిల్లల్ని బస్సు దించుకునేందుకు పెట్టుకుంటున్నరు. మూడో క్లాసుకు టీచరుంటదో ఉండదో వీళ్లకే తెల్వదు. నేను చెప్పింది తప్పు. పైసలు కట్టకు."

కిష్టమ్మ ఇందును చూసింది, ఆయనను చూసింది, మళ్లీ ఇందును చూసింది.

"ఏదో చిన్నపిల్ల, కంగారులో మాట్లాడుతోందమ్మా" అని బాపిరాజు గొంతు సర్దుకున్నాడు. "అమల గారూ! మీరు లేచి, ఈవిడకి కాస్త నచ్చచెప్పండి. మూడో తరగతి టీచరు మీరే కదా. ఈ పాప అడ్మిషన్ మీ లెక్కలో వేద్దాం."

అమల రెండు చేతులతో నీళ్ల సీసా పట్టుకుని కూర్చుంది. రెండున్న చోట మూడవుతాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఇందుకూ తెలుసు.

అమల లేవలేదు.

"అమల గారూ, మిమ్మల్నే."

ఆమె తల కూడా ఎత్తలేదు. ఇందు రేణుక చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. కిష్టమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెనకే వచ్చింది.

మెయిన్ రోడ్డు మీద మెట్రో పిల్లర్ నీడలోకి వచ్చాక కిష్టమ్మ ఒక్కసారిగా విరుచుకుపడింది.

"పొద్దుగాలనే పోయి టీసీ తీసుకొచ్చిన. ఎందుకమ్మా, మంచిగ చదువుతున్నది గదా అన్నడు హెడ్‌మాస్టర్ సారు. మా ఇందు టీచరైంది, ఆమె చెప్తది అని నలుగురి ముందల గొప్పగ చెప్పుకున్న. ఇప్పుడు ఏం మొకం పెట్టుకొని పోవాలె?"

"రేపు నేనొస్త నీతోని. తప్పు నాదని నేనే చెప్త."

"చెప్తవ్. చెప్పుడైతే మంచిగనే ఒస్తది నీకు."

ఇందు ఆ మాట పడింది. పడాల్సిన మాటే. ఎల్‌బీ నగర్ వైపు బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి, రోడ్డు దాటడానికి సందు దొరకడం లేదు. నెత్తి మీద మెట్రో రైలు దడదడమంటూ పోయింది. రేణుకకు ఈ గొడవేదీ పట్టలేదు. మణికట్టు మీది ముడి విప్పి పోగులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటోంది.

రైలు చప్పుడు పోయాక కిష్టమ్మ గొంతు తగ్గింది.

"గా నౌకరి పోయినట్టేనా?"

"పోయినట్టే."

"గా నలుగురు పిల్లల్ని ఏసినవ్ గదా. ఆళ్ల సంగతి?"

వాళ్ల ఇళ్లకూ పోవాలి. మేనమామ ముందు నిలబడాలి, ఇంటి ఓనరు ముందు నిలబడాలి. రమేష్‌కు చెప్తే నాన్నకూ చెప్పినట్టే.

"ఆళ్లకు గూడ చెప్పాలె అక్కా."

కిష్టమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఇందు చంకలో పంచకుండా మిగిలిన పాంప్లెట్ల కట్ట చెమటకు తడిసి మెత్తబడింది. కిష్టమ్మ దాన్ని లాక్కుని, పక్కనున్న తన ముంజల బండి కింద పడేసింది.

"గిట్ల అందరికి నిజం చెప్పుకుంట తిరిగితే నువ్వు టీచర్‌వి ఎట్లయితవ్ చెల్లె?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగింది. డీఎడ్ పుస్తకాల్లో గాని, టెట్ ప్రశ్నల్లో గాని, ఆ ఏసీ గదిలో గాని దీనికి జవాబు ఎవరూ చెప్పలేదు.

"అక్కా, తొమ్మిదే ఉన్నయ్" అంది రేణుక పోగులు చూపిస్తూ. "ఒకటి యాడనో పడిపోయింది."

"చూద్దాం పా. ఆఫీసుల పడ్డదేమో" అనబోయి ఇందు ఆగిపోయింది.

సిగ్నల్ పడింది, బస్సులు ఆగాయి. రేణుక తొమ్మిది పోగులనూ పిడికిట్లో బిగించి, రెండో చేత్తో ఇందును పట్టుకుని రోడ్డు మీదికి లాగింది.