వెనక్కి తిరిగిన అట్టలు

ఆ శనివారం మధ్యాహ్నం చీరాల మగ్గాల వీధిలో ఒక్క మగ్గం చప్పుడు వినిపిస్తే ఒట్టు. వీధి వీధంతా భజన మందిరంలో మూగింది. పిల్లలైతే ఎంగిలి చేతులు కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చారు. రమణమ్మ గుండె మాత్రం దడదడ కొట్టుకుంటోంది. కొట్టుకోదూ మరి! బొమ్మలచేత కథ ఆడించి పిల్లలకు బుద్ధి నేర్పుతానని మందిరం పెద్ద రోశయ్యతో పందెం కట్టినంత పని చేసింది.

ఊరికే చేయలేదు. నెల కిందట మాలకొండ స్వామి పటం ముందు కొట్టిన కొబ్బరికాయలో ఒక చిప్ప మాయమైంది. అప్పుడు మందిరంలో ముగ్గు వేస్తున్నది రమణమ్మ కూతురు, తొమ్మిదేళ్ల మల్లేశ్వరి. ఇంకేముంది, దొంగ దొరికిపోయింది! "నేను తీయలేదు తాతా" అని పిల్ల వెక్కి వెక్కి ఏడ్చినా రోశయ్య వినలేదు. ఇక దాన్ని గడప లోపలికి రానివ్వొద్దు, ప్రసాదం పెట్టొద్దన్నాడు. అడగబోయిన రమణమ్మ మీద కూడా విరుచుకుపడ్డాడు.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నువ్వు అద్దంకి పోయి డేరా సినిమాలు చూస్తివి. నీ కూతురు దేవుడి చిప్పకే చెయ్యి పెట్టింది."

సినిమా చూసిన మాట నిజమే. అసలు సినిమాకు ముందు ఏదో చిన్న బొమ్మ వేశారు. అందులో గీసిన కుందేలు లేచి గంతులేసింది. నాటి నుంచి రమణమ్మకు ఒకటే ధ్యాస. మనిషి గీసిన కుందేలే గంతులేస్తే, స్వామి కథ ఎందుకు కదలదు?

"ఆ సినిమా బొమ్మతోనే పిల్లలకు బుద్ధి చెప్పి చూపిస్తాను మావయ్యగారూ" అంది ఉక్రోషంగా.

"చెప్పలేకపోతే?"

"నేనూ నా కూతురూ ఇంకెన్నడూ ఈ గడప తొక్కం."

అనడం తేలికే. చేయడానికి నెల పట్టింది. చీర అంచున పువ్వులు దింపడానికి మగ్గం పైన బెజ్జాల అట్టలుంటాయి. దండలా దారంతో కుట్టి వేలాడదీస్తారు. కింద కాలితో తొక్కితే ఒక్కో అట్టా తిరిగి ముందుకొస్తుంది. రమణమ్మ పాత అట్టలు మూడు వందలు ఏరి, కాగితాలు అంటించి, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ గీసింది. రంగులు మల్లేశ్వరి వేసింది. భర్త భావనారాయణ ఆ అట్టలు తిరిగే పెట్టెను మగ్గం మీంచి దించి, మందిరం కిటికీ వెలుతురులో ఎత్తుగా నిలబెట్టాడు. తొక్కేది ఆయనే.

"కానివ్వండి" అంది రమణమ్మ.

టకటకటక! బొమ్మలో పిల్లవాడు నడిచాడు! చేతిలో బెల్లం పళ్లెంతో మాలకొండ ఎక్కుతున్నాడు. "నడుస్తున్నాడ్రోయ్!" అని పిల్లలు కేకలు. వాడు అటూ ఇటూ చూసి బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. ఎవరు తిన్నారని అడిగితే చెట్టు మీది కోతిని చూపించాడు. అంతే, కాలు జారింది. కొండ మీంచి పల్టీలు కొడుతూ కిందికి, కిందికి. కోపంలో గీసిన బొమ్మలు కదా, ఆ పడడం ఒక్కదానికే నలభై అట్టలు గీసింది మహాతల్లి. పిల్లల నోళ్లు మూతపడ్డాయి. ముందు వరసలో రోశయ్య మనవడు బుల్లయ్య ముఖం పాలిపోయింది.

అప్పుడు పుటుక్కున దారం తెగింది. అట్ట ఒరిగింది.

నేసేవాడికి దారం తెగిన చప్పుడు వినిపిస్తే బుర్రతో పనిలేదు, చేతులే కదులుతాయి. అట్టల్ని వెనక్కి తిప్పుకుంటూ తప్పు పడిన చోటికి వెళ్లాలి, విప్పి మళ్లీ నేయాలి. ఇరవై ఏళ్ల అలవాటు. భావనారాయణ తాను నేస్తున్నది చీర కాదన్న సంగతే మరిచి, ఒక చేత్తో ఒరిగిన అట్టను ఎత్తిపట్టి, రెండో చేత్తో గబగబా వెనక్కి తిప్పేశాడు.

లోయలో పడుతున్న పిల్లవాడు గాలిలో ఆగాడు. పల్టీలు కొడుతూ పైకి లేచాడు! కొండ మీద నిలబడ్డాడు. కోతి వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నోట్లోంచి బెల్లం ముక్క బయటికొచ్చి పళ్లెంలో కూర్చుంది.

మందిరం కప్పు లేచిపోయేట్టు అరిచారు పిల్లలు. గంతులు, ఈలలు, చప్పట్లు. "మళ్లీ! మళ్లీ!"

రమణమ్మ మాత్రం తల పట్టుకుంది. కొంప మునిగింది. దొంగకు శిక్ష పడాల్సిన కథ, దొంగ పైకి తేలిపోయిన కథైంది.

రోశయ్య లేచాడు. "ఇదేనా నువ్వు నేర్పే బుద్ధి? ఏరా పిల్లలూ, ఏం నేర్చుకున్నారో ఒక్కడు చెప్పండి."

రమణమ్మ గడప వైపు చూసింది. అక్కడ బయట మెట్టు మీద మల్లేశ్వరి ముడుచుకుని కూర్చుని ఉంది. తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తాతా" అన్నాడు బుల్లయ్య లేచి. "ఆ కొబ్బరి చిప్ప నేనే తీశా. మల్లేశ్వరి కాదు. నేనూ వెనక్కి పెట్టేద్దామంటే..." వాడి ఏడుపు కట్టలు తెంచుకుంది. "తినేశా తాతా! ఇప్పుడెట్టా పెట్టేది?"

నవ్వబోయినవాళ్లు రోశయ్య ముఖం చూసి ఆగిపోయారు. ఆయన మనవడి తల మీద చెయ్యి వేసి, స్వామి పటం ముందున్న ప్రసాదం పళ్లెం ఎత్తుకుని గడప దాకా నడిచాడు. ఊరందరి ముందూ ఆ చిన్నపిల్ల ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, నేను నేసిందాంట్లో కూడా తప్పు పడింది. విప్పుకోనిస్తావా?"

మల్లేశ్వరి తల్లి వంక చూసింది. రమణమ్మ ఏడుస్తూ నవ్వుతూ తలూపింది. పిల్ల ప్రసాదం అందుకుని, లేచి, నెల తర్వాత ఆ గడప దాటింది.

"ముందు బొమ్మలు మళ్లీ తిప్పించు తాతా. నాకు మెట్టు మీంచి సగమే కనపడింది."

"ఒరేయ్ భావనారాయణా, తొక్కరా!" అని కేకేశాడు రోశయ్య, కళ్లు తుడుచుకుంటూ. "వెనక్కి కూడా తిప్పాలి, మర్చిపోయేవు!"