వెండెల్ వేడి అడిగిన రోజు

జేమ్స్‌టౌన్ ఊరు దాటాక మంచు మేటలు వేసి పెద్ద రోడ్డు మూసుకుపోయింది. ట్రక్కులన్నీ పొద్దుటి నుంచి ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. ఫార్గో ఆఫీసులో కూర్చుని బళ్ల రాకపోకలు చూసే మార్లిస్‌కు తమ కంపెనీ బళ్లు నాలుగూ తెరమీద కనిపిస్తున్నాయి. నాలుగింటి ఇంజన్లూ ఆగే ఉన్నాయి.

నిలిపిన బండి ఇంజను కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది, దాంతో లోపలి వేడీ పోతుంది. డీజిల్ ఆదా కోసం కంపెనీ పెట్టిన నియమం అది. చలికి తట్టుకోలేకపోతున్నానని డ్రైవరు తన నోటితో అడిగితే తప్ప సడలించే వీలు మార్లిస్‌కు లేదు. వెనక బళ్లలోని ముగ్గురికీ ఫోన్ చేసింది. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న: "వెండెల్ అడిగాడా?" అడగలేదు. అయితే తమకూ అక్కర్లేదట.

వెండెల్ ముందు బండిలో ఉన్నాడు. ఏ చలికాలమైనా ఇంజను అడక్కుండా దుప్పటి కప్పుకునే గడిపి, అందరికంటే తక్కువ డీజిల్ కాల్చేది అతనే. దానికి కంపెనీ ఏటా ఇచ్చే బహుమతీ అతనిదే. సాయంత్రం దాకా రోడ్డు తెరవరని కబురొచ్చింది. అప్పటిదాకా ఇలాగే కూర్చుంటే ఎవరో ఒకరి వేళ్లు పోతాయి. ప్రాణమే పోవచ్చు. మార్లిస్ అతనికి ఫోన్ కలిపింది.

"ఏం పెద్దమనిషీ, ఎలా ఉన్నావు?"

"పెళ్లికొడుకులా ఉన్నాను. నీ గొంతే వణుకుతోంది."

"వేడి కావాలని ఒక్క ముక్క అను. ఇక్కడి నుంచే మీట నొక్కి ఇంజను నడిపిస్తాను."

"ఇన్నేళ్లూ అనని ముక్క ఇప్పుడెందుకు?"

"సరే. ఫ్లాస్కు మూత తీసి ఒక గుక్క కాఫీ తాగు. నేను వింటాను."

"తాగుతాలే."

"ఇప్పుడే."

ఫోనులో గుడ్డల రాపిడి వినిపించింది. తర్వాత ఏదో కిందపడి దొర్లింది.

"తాగాను."

"నీకు అబద్ధం చెప్పడం కూడా రాదు. మూత తిరగలేదు కదూ?"

అతను కింద ఫ్లాస్కు కోసం తడుముకుంటున్న చప్పుడు వినిపించింది.

"నీ వేళ్లే అలా ఉంటే వెనక ముగ్గురి సంగతేమిటి, వెండెల్? నువ్వు అడిగేదాకా వాళ్లు అడగరట."

"ఎవరన్నారు?"

"ముగ్గురూ."

"వెధవలు," అన్నాడు మెల్లగా. "నాకు చలేస్తోంది, మార్లిస్. ఇంజను కావాలి."

ఆమె మీట నొక్కింది. అతను ఫోన్ పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు. ఇంజను అందుకున్న చప్పుడు మధ్య అతను రేడియో తీసి మాట్లాడటం వినిపించింది. ఆ మాట వరసలో ఉన్న ప్రతి ట్రక్కుకూ, వేరే కంపెనీల వాళ్లకు కూడా చేరుతుందని ఆమెకు తెలుసు.

"నేను వెండెల్‌ని. నాకు చలేసింది. ఆఫీసు వాళ్లని వేడి అడిగాను. ఇచ్చారు. మా వాళ్లెవరైనా వింటుంటే మీరూ అడగండి."

రేడియోలో ఎవరో నవ్వారు. "ఏం తాతా, ఆఖరికి దుప్పటి చిరిగిందా?"

"చిరిగిందిరా. నవ్వడం అయ్యాక ఫోన్ చెయ్యి."

ఏడాదికో బహుమతి గెలిచిన మనిషి అంతమంది వినేలా ఓడిపోయానని చెప్పాడు. దానికి ఎంత ధైర్యం కావాలో మార్లిస్‌కు తెలుసు. ఆ మాటే అతనితో అనబోయింది. అంతలో బల్లమీద రెండో ఫోను మోగింది. వెంటనే మూడోది కూడా.