మూత అంచున కుంకుమ

నాలుగు దేశాలు కలిసి కువైట్‌లో ఒక క్వాంటం కంప్యూటర్ కట్టాయి. పూర్తయితే ఏ దేశం పరిశోధకులైనా తమ చోటినుంచే దాన్ని వాడుకోవచ్చు. దాన్ని చల్లబరిచే పైపులు వెల్డింగ్ చేసింది నేను.

ఇక్కడి బాధ్యత సత్యప్రసాద్‌ది. అమలాపురం వాడు, పెద్ద చదువు. యంత్రం చల్లబడి నిలిస్తే ఇక్కడే ఉంటుంది, లేకపోతే జపాన్‌కు పోతుంది. ఏళ్ల తరబడి అతనికి అదే ధ్యాస.

మూత బిగించే రోజు నా పక్కకు వచ్చాడు.

“బాబాయ్, మన వైపు కొత్త మోటారుకైనా బొట్టు పెట్టకుండా స్విచ్ వెయ్యరు కదా.”

“ఇది వరిచేలో మోటారు కాదండి. దుమ్ము పడకూడదని మా నెత్తిన టోపీలు పెట్టించింది మీరే.”

“చిటికెడే బాబాయ్. ఎవరికి తెలుస్తాది?”

నా భార్య సత్యదుర్గ పోయాక నా గదిలో కుంకుమ లేదు. బ్నీద్ అల్ గార్‌లోని తన ఇంటినుంచి అతనే పొట్లం తెచ్చాడు. మూత అంచున అద్దాడు.

యంత్రం చల్లబడలేదు. లోపలికి గాలి చొరబడుతోందన్నారు. విప్పి చూస్తే మూత కింద గాలి చొరబడకుండా వేసిన రబ్బరు రింగు మీద ఎర్రటి పొడి. మా హెల్పర్ సాయిబాబు రోజూ బొట్టు పెట్టుకునే పనిలోకి వస్తాడు. అందరి చూపూ అతని నుదుటి మీద ఆగింది.

“ఆ మూత నేను ముట్టుకోలేదండి” అన్నాడు సాయిబాబు.

“వీళ్లకి ఎంత చెప్పినా ఇంతే” అన్నాడు సత్యప్రసాద్ ఇంగ్లీషులో.

నా వచ్చీరాని ఇంగ్లీషులో జరిగింది చెప్పాను.

జపాన్ నుంచి వచ్చిన పెద్దావిడ కోప్పడలేదు. “రింగు మార్చుకోవచ్చు. కానీ మేమంతా దూరాన కూర్చుని ఈయన పంపే లెక్కలే నమ్మాలి” అంది సత్యప్రసాద్ వైపు చూస్తూ.

యంత్రం జపాన్‌కు వెళ్లింది. పైపులు కోసే పని కూడా నాకే వచ్చింది. ఇంకేం పని లేదని సాయిబాబునూ ఇంటికి పంపేశారు. నా మాట వాడికీ పనికిరాలేదు.

నేను కోస్తుంటే సత్యప్రసాద్ వచ్చాడు.

“మీరు ఆ ఒక్కమాట మింగుంటే ఇది ఇక్కడే ఉండేది బాబాయ్. సాయిబాబును ఇంకోచోట పెట్టించేవాణ్ణి.”

“ఉండేదే.”

అది నడుస్తుంటే చూడాలని నాకూ ఉండేది. సత్యదుర్గ ఉంటే, ‘పాపం భయపడి అలా అన్నాడు, పోనీలెండి’ అనేది. ఆవిడ లేదు.

“తప్పయిపోయింది బాబాయ్.”

“నాకెందుకండీ? సాయిబాబు నంబరిస్తాను, వాడికి చెప్పండి.”

అతను జేబులోంచి ఫోన్ తియ్యలేదు. నేను కటింగ్ మిషను ఆన్ చేశాను.