తుమ్మకంచె లేని మైదానం

నర్మదను నేను మొదట చూసింది 1986 డిసెంబరులో, మెట్‌పల్లిలో ఒక బడి మైదానంలో. పదో తరగతి పిల్ల. మగపిల్లల మధ్య వట్టి కాళ్లతో ఫుట్‌బాల్ ఆడుతోంది. బంతి ఆమె పాదాన్ని విడిచి జానెడు దూరం పోవడం లేదు. ముగ్గురిని దాటింది, నాలుగోవాణ్ని చూసి నవ్వింది, వాణ్నీ దాటేసింది. మైదానానికి మూడు వైపులా తుమ్మకంచె.

నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ని. నా భార్య ప్రమోదిని పోయాక సాయంత్రాలు ఇంటికి పోబుద్ధి కాక గ్రౌండులో కూర్చునేవాణ్ని. అది చూసి ప్రిన్సిపాల్ రామకిషన్‌రావు ఆటల పని నాకే అప్పగించారు. అక్కడెందుకు కూర్చుంటున్నానని ఒక్క మాటా అడగలేదు. ఆడపిల్లల జట్టు కోసం ఆ ఏడు ఒక్క హాస్టల్ సీటు మిగిలింది. మంచి పిల్ల దొరికితే పదో తరగతి కాకముందే ఆమె పేర రాసిపెట్టొచ్చు.

ఆ మాట చెప్పడానికే నర్మద ఇంటికి పోయాను. ఆమె తల్లి సత్తవ్వ గడపలో కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది.

"పదోది అయినంక గీ చాట దానికే ఇద్దామనుకున్న సారూ. వాళ్ల బాపు భీవండిల మగ్గాల కాడ ఉన్నడు. నేనొక్కదాన్నే ఎంతని చుడుత?"

"తిండి, చదువు అన్నీ కాలేజీయే చూస్కుంటది సత్తవ్వా."

"బంతి తన్నినందుకు అన్నం పెడ్తరా? గంత పిచ్చోళ్లా మీరు?"

"జర పిచ్చోళ్లమే."

ఆమె పకపకా నవ్వింది. "సరే, తీస్కపోండ్రి. సీటిస్తె కాలేజి, ఇయ్యకుంటె చాట. గంతే."

జనవరిలో ఒక శనివారం మా గ్రౌండులో ఆట పెట్టాం. అదే సీటు కోసం ఇంకో అయిదుగురు వచ్చారు. ఎంపిక చేసేది పర్శరాములు, ఒకప్పుడు పోలీసు జట్టులో ఆడినవాడు. నర్మద నాలుగుసార్లు గోల్ ముందుకు చేరింది. నాలుగుసార్లూ కొట్టకుండా బంతిని పక్క పిల్లకు ఇచ్చేసింది.

"కాలున్నది గని దమ్ము లేదు సార్," అన్నాడు పర్శరాములు. "గోల్ కొట్టనోళ్లకు సీటెందుకు?"

విరామంలో ఆమె పక్కన కూర్చున్నాను. "ఎందుకు కొడ్తలేవు బిడ్డా?"

"కొడితె లేస్తది సార్."

"లేస్తే?"

"ముండ్లల్ల పడి పలుగుతది. మా బడికి ఒక్కటే బంతి. లేపినోళ్లను అంతయ్య సారు వారం దినాలు ఆడనియ్యడు."

నేను చుట్టూ చూపించాను. ఇటుక గోడ, దాని అవతల గడ్డి. తర్వాత సంచి మూతి విప్పాను. లోపల ఇంకో మూడు బంతులు.

"గివన్ని మనయేనా?"

"అన్నీ మనయే. పలిగితె పలగనీ."

ఆట మళ్లీ మొదలయింది. ఆమె కొట్టిన మొదటి బంతి గోల్ మీదుగా, గోడ మీదుగా ఎగిరిపోయింది. పర్శరాములు వేరే బంతి అడిగేలోపే నర్మద గోడెక్కి దూకింది. కాసేపటికి బంతిని ఎదకు హత్తుకొని, వేళ్లతో నొక్కి చూసుకుంటూ వచ్చింది.

"మంచిగనే ఉన్నది సార్! ఏం కాలే!"

గ్రౌండంతా నవ్వులు. పర్శరాములు కూడా విజిల్ తీసి నవ్వాడు. "ఇగ కొట్టు బిడ్డా. బంతి ఫికర్ నాకిడిసిపెట్టు."

తర్వాత రెండు గోల్స్ కొట్టింది. రెండోదానికి గోల్‌కీపర్ కదలనే లేదు. సాయంత్రానికి రామకిషన్‌రావు సీటు కాగితం మీద ఆమె పేరు రాసి సంతకం పెట్టారు. సంచిలోంచి ఒక బంతి తీసి, అంతయ్య సారుకు ఇమ్మని నర్మద చేతిలో పెట్టారు.

మరునాడు పొద్దున మెట్‌పల్లి బస్సులో ఆమె కాగితాన్ని నాకిచ్చి, బంతిని మాత్రం ఒళ్లోనే పెట్టుకుంది.

గడపలో సత్తవ్వ తలెత్తింది. "ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రవ్వా!"

సత్తవ్వ చాటను గోడకు జరిపి, చాయ పెట్టడానికి లేచింది. పొయ్యి దగ్గర్నుంచే అడిగింది:

"సారూ, ఇంకో సీటు ఉంటె చెప్పుండ్రి. నా చిన్నబిడ్డ గూడ మస్తు తంతది."

"అదెక్కడ ఆడుతది?"

"ఎక్కడ ఆడదు సారూ. రాత్రి నా పక్కల పండుకుంటె నన్నే తంతది."