పగడపు గట్టుకు అవతల

వరహాలు హోటల్ భోజనాల హాల్లో నడుస్తోంది, కాళ్ళ కింద చలవరాయి ఉండాల్సిన చోట తడి ఇసుక ఉంది, తెల్లగుడ్డలు పరిచిన బల్లలు వరసగా సముద్రం దాకా పోయి నీళ్ళలోకి దిగిపోతున్నాయి, వాటి చుట్టూ పూలచొక్కాల దొరలు మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చుని నవ్వుకుంటూ తింటున్నారు. ఇది జమైకా అని ఆమెకు తెలుసు, కాని కుడివైపు కొబ్బరిచెట్ల సందులోంచి కనబడుతున్నది తమ ఉప్పాడ రేవే, అదేం వింతగా తోచడం లేదు. చివరి బల్ల వెనక, వంటవాళ్ళ తెల్లకోటు తొడుక్కుని, ఆమె తమ్ముడు మసేను చేపకు పొలుసు తీస్తున్నాడు. వాడు చనిపోయి పదహారు రోజులయిందని ఆమెకు గుర్తుంది. ఆ మాట పైకి అంటే మాయమైపోతాడేమోనని పళ్ళు బిగపట్టుకుని దగ్గరికి వెళుతుంది.

"ఎప్పుడొచ్చావక్కా?" తల ఎత్తకుండానే అడుగుతాడు.

"తొమ్మిది రోజులైందిరా. నీ హోటలోళ్ళే టిక్కెట్టు పంపారు. కువైటు ఎల్లొచ్చిన పాసుపోర్టు ఉంది కదా, అది పట్టుకుని వచ్చేశాను." ఆమె బల్ల మీదుగా వాడి వైపు వంగుతుంది. "నీతో పడవలో ఎల్లిన ఇద్దరూ గాలివానలో ఈదుకుని వచ్చేశారంట. నువ్వే రాలేదు. ఎక్కడున్నావో సెప్పరా నాయనా. నేనెల్లి తెచ్చుకుంటాను."

"గట్టు అవతల."

"ఏ గట్టు? పగడపు గట్టా? ఏ దిక్కున?"

మసేను కత్తితో సముద్రం వైపు చూపిస్తాడు, ఆమె అటు చూసేసరికి సముద్రం లేదు, వాళ్ళ ఇంటి వెనక పెరడు ఉంది, తల్లి పోయిన ఏడాది ఆమె వాణ్ణి చంకనేసుకుని అన్నం తినిపించిన అరుగు ఉంది. తిరిగి చూస్తే వాడు అరుగు మీదే కూర్చున్నాడు, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, కాళ్ళు మాత్రం నేలకు అందడం లేదు.

"ఒళ్ళు దొరక్కపోతే ఏం కాల్చనురా నేను? ఏ బూడిద పట్టుకుని ఇంటికెల్లను? ఒక్క గుర్తు సెప్పు. రాయో, ఏదో."

"మార్సియా తిన్నాదా?"

ఆ పేరు వినగానే వరహాలు మొహం తిప్పుకుంటుంది. హోటల్ వంటగదిలో వాడితో కలిసి పనిచేసిన మనిషి మార్సియా. వాడు పెళ్ళాడతానన్న మనిషి. ఈ తొమ్మిది రోజులూ అన్నం పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి, దూరంగా గోడకు ఆనుకుని నిలబడే మనిషి. వరహాలు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. కళ్ళెత్తి సరిగ్గా చూడనూ లేదు.

"ఫోన్లో ఏవన్నావక్కా నన్ను?" మసేను గొంతులో కోపం లేదు, అదే ఆమెకు భరించరానిదిగా ఉంది. "దాన్ని సేసుకుంటే నాకు తమ్ముడు సచ్చాడనుకుంటానన్నావు."

"నోరు జారిందిరా."

"మళ్ళీ ఫోన్ సేశాను. నువ్వు తియ్యలేదు."

"సేపలు కోత్తన్నాను, సేతులు తడిగా..." అని మొదలుపెట్టి ఆగిపోతుంది. చచ్చినవాడి దగ్గర అబద్ధం ఎందుకు? "కాదు. సూశాను. నీ పేరు కనబడింది. మోగి మోగి అదే ఆగిపోతదని సూత్తా కూకున్నాను. నీకు బుద్ధి రావాలనిరా. నా నాలిక కోసుకోమంటే కోసుకుంటాను, ఆ మాట ఎనక్కి తీసుకోడానికి ఏం సెయ్యాలో సెప్పు, ఏదైనా సేత్తాను, దాన్నే సేసుకో, పదిమందిని సేసుకో, ఇంటికి రా!"

అరుగు కిందికి నీళ్ళు వస్తున్నాయి. నీలంగా, గోరువెచ్చగా, చప్పుడు లేకుండా వచ్చి వాడి మోకాళ్ళు దాటి, తెల్లకోటు బొత్తాలు దాటి పైకెక్కుతున్నాయి. వాడు మాత్రం గోడకున్న గడియారం చూసి, "డ్యూటీ టైమైంది, ఎల్తానక్కా," అంటాడు.

వరహాలు ముందుకు దూకి మణికట్టు దొరకబుచ్చుకుంటుంది. నీళ్ళు లాగుతున్నాయి. ఆమె రెండు చేతులా పట్టుకుని మడమలు ఇసుకలో తన్నిపెట్టి వెనక్కి గుంజుతోంది, గోళ్ళు వాడి చర్మంలోకి దిగిపోతున్నా పట్టు సడలించడం లేదు.

"వదులక్కా, నొప్పెడతంది."

"వదల్ను."

"నొప్పక్కా."

"సచ్చినా వదల్ను!"

ఆ కేకకు తనకే మెలకువ వస్తుంది.

మిట్టమధ్యాహ్నం ఎండ. హోటల్ వసారాలో వెదురుకుర్చీలో తను ఒరిగి ఉంది. ఎదురుగా తీరం కాపలా అధికారి టోపీ చేత్తో పట్టుకుని, వెతుకులాట ఆపేస్తున్నట్టు రాసిన కాగితంతో నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఒడ్డున, ఉదయం వెతకడానికి వెళ్ళిన పడవలు ఇసుక మీదికి లాగేసి ఉన్నాయి. ఆయన వచ్చాడని చెప్పి లేపడానికే కాబోలు, మార్సియా ఆమె మీదికి వంగి ఉంది.

మార్సియా మణికట్టు వరహాలు రెండు చేతుల్లోనూ ఉంది. గోళ్ళు దిగిన చోట నల్లటి చర్మం మీద నాలుగు నెలవంకలు, వాటిలో ఒకదాంట్లోంచి సన్నగా నెత్తురు. నొప్పికి మార్సియా కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి, కాని చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అధికారి గొంతు సవరించుకుని కాగితం ముందుకు చాపాడు. దాన్ని అందుకోవాలంటే వరహాలు ఒక చెయ్యైనా వదలాలి. ఆమె వదల్లేదు.