ఉన్నకాడనే ఉండాలె

తల్లి ఎక్కిన హైదరాబాద్ బస్సు వెళ్లిపోయి గంట దాటింది. జహీరాబాద్ బస్టాండులో ఐదేళ్ల కృప బెంచీ దిగడం లేదు. ఒళ్లో బొమ్మల పుస్తకం ఉంది. పట్నంలో పనికి కుదిరిన తల్లి పోయేముందు కొనిచ్చింది.

"లే బిడ్డా, ఝరాసంగానికి ఇదే ఆఖరి ఆటో," అని అమ్మమ్మ నాగవ్వ బతిమాలింది.

కృప పుస్తకంలో ఒంటరి కుందేలు పిల్లను చూపించింది. "అమ్మ తప్పిపోతే ఉన్నకాడనే ఉండాలె. అమ్మనే ఎనుకకొస్తది. అమ్మనే చదివి చెప్పింది."

బయట ఆటో డ్రైవర్ హారన్ కొట్టాడు. "ఓ నాగవ్వా, వస్తవా, ఈడనే కాపురం పెడ్తవా?"

"వస్తున్నా, జర ఆగు!" అని అరిచి, నాగవ్వ మనవరాలి వైపు తిరిగింది. "మీ అమ్మ నాకు బిడ్డ గాదా? నేను పోతలేనా ఇంటికి?"

కృప ఆమె మొహంలోకి చూసింది. "నీకు గూడ తప్పిపోయిందా?"

నాగవ్వ అవునన్నట్టు తల ఊపింది.

కృప పక్కకు జరిగి చోటిచ్చింది. "అయితే నువ్వు గూడ కూసో, అమ్మమ్మా."

నాగవ్వ కూర్చుంది. ఆటో కదిలిన చప్పుడు వినిపించినా లేవలేదు.